‘లాస్ట్ ఎంతకిస్తారు?’ అని అడిగినప్పుడు

(ఇంట్లో వాడని వస్తువులను ఆన్‌లైన్‌లో అమ్ముకునేవారి కోసం జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్ళకి వినిపిస్తోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడకండి. ఈ మొహమాటం అన్న మాట ఇవాళ చాలాసార్లు వస్తుంది, ఇప్పుడే చెప్పేస్తున్నాను.

మీలో ఎంతమంది ఏదో ఒక వస్తువు ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టారు? చాలామందే ఉన్నారు. మరి పెట్టాక వచ్చిన మొదటి మెసేజ్ ఏమిటి? అదే. అందరూ ఒకే మాట అంటున్నారు చూడండి. ‘లాస్ట్ ఎంత?’ నమస్కారం లేదు, వస్తువు ఎలా ఉందని లేదు, ఎన్నాళ్ళు వాడారని లేదు. లాస్ట్ ఎంత. అది కూడా రాత్రి పదకొండింటికి. జవాబివ్వకుండా పడుకుంటే, పొద్దున లేచేసరికి కింద రెండు ప్రశ్నార్థకాలు వచ్చి ఉంటాయి.

ముందు నా సంగతి చెబుతాను. మా అమ్మ కుట్టు మిషను. తొక్కే మిషను, నల్లటిది, పక్కన చిన్న సొరుగు, అందులో బాబిన్లు. అమ్మకి చూపు తగ్గాక కుట్టడం మానేసింది. అమ్మే ఫొటోలు తియ్యమంది, అమ్మేయమంది. పెట్టాను. ఒకాయన నాలుగు రోజులు బేరమాడాడు. కాస్త తగ్గించాను, మళ్ళీ తగ్గించాను, చివరికి ఒక మాట మీదకి వచ్చాం. వస్తానన్న రోజు వచ్చాడు. మిషను చుట్టూ రెండుసార్లు తిరిగాడు. చక్రం మీద చెయ్యి వేసి తిప్పాడు. బెల్టు వదులుగా ఉంది అన్నాడు. వంగి తొక్కుడు పలక కింద చూసి, తుప్పు అన్నాడు. అని, అనుకున్న ధరలో సగం డబ్బు తీసి నా చేతిలో పెట్టాడు. చేతిలో పెట్టేశాడండీ! నేను ఏమన్నానో తెలుసా? ‘సరే’ అన్నాను.

ఎందుకన్నాను? అంత దూరం నుంచి వచ్చాడు కదా. బండి కూడా తెచ్చుకున్నాడు కదా. ఇంటికొచ్చిన మనిషిని ఉత్త చేతులతో ఎలా పంపుతాం? ఇదే మొహమాటం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డబ్బు పోయిందని కాదు. అమ్మ ఎంతకు ఇచ్చావని అడిగింది, నేను ఎంత చెప్పానో అది నిజం కాదు. ఆ ఒక్క అబద్ధం ఇప్పటికీ నాలో ఉండిపోయింది. అందుకే ఇవాళ నేనిక్కడ నిలబడి మాట్లాడుతున్నాను. ఆ తర్వాత చాలా వస్తువులు అమ్మాను, చాలామందితో బేరమాడాను. నాకు అర్థమైందేమిటంటే, ఆ బేరం గుమ్మం దగ్గర పోలేదు. ఫొటోలు పెట్టిన రోజే పోయింది. ఎందుకంటే ఆ రోజు నేనేమీ నిర్ణయించుకోలేదు. నిర్ణయం ముందే జరిగిపోయి ఉంటే, ఎంత గట్టి బేరగాడొచ్చినా మనకు చెమటలు పట్టవు. ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా ఇదే, మిగతాదంతా దీని వివరమే.

మొదట ఒక మాట. బేరమాడటం తప్పు కాదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. కొనేవాడు అడుగుతాడు, అడగాలి కూడా. మనం ఏదైనా కొనేటప్పుడు అడగమా? ఎదురెదురుగా నిలబడితే, సగానికి అడగడానికి మనిషికి కొంచెం సిగ్గుంటుంది. అవతలి మనిషి మొహం కనిపిస్తుంది కాబట్టి. ఫోన్లో మొహం లేదు. ఒకే మెసేజ్ పది మందికి కాపీ చేసి పంపొచ్చు, ఎవరో ఒకరు ఒప్పుకుంటే చాలు. మీకొచ్చిన ఆ ‘సగానికిస్తారా’ అన్న మెసేజ్ మిమ్మల్ని చూసి రాసింది కాదు. మీ వస్తువును చూసి రాసింది కూడా కాకపోవచ్చు. ఇది గుర్తు పెట్టుకుంటే సగం టెన్షన్ పోతుంది. అవమానంగా తీసుకోవద్దు. కోపంతో రాసే జవాబు అన్నిటికంటే ఖరీదైన జవాబు.

ఇంకో మాట, ఇది కాస్త చేదుగా ఉంటుంది. మనం పెట్టే ధర కూడా చాలాసార్లు న్యాయమైంది కాదు. 1990లో డేనియల్ కానమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. ఒక తరగతిలో సగం మంది విద్యార్థులకు కాఫీ మగ్గులిచ్చారు. మగ్గు ఉన్నవాళ్ళని ఎంతకు అమ్ముతారని, లేనివాళ్ళని ఎంతకు కొంటారని అడిగారు. మగ్గు చేతికొచ్చి ఎంతసేపయింది? కొద్ది నిమిషాలు. అయినా అమ్మేవాళ్ళు అడిగింది, కొనేవాళ్ళు ఇస్తామన్నదానికి రెట్టింపు పైనే ఉంది. ఒకే మగ్గు! కొద్ది నిమిషాల సొంతానికే అంత తేడా వస్తే, ఇరవై ఏళ్ళు ఇంట్లో ఉన్న కుట్టు మిషను సంగతేమిటి? దాని మీద నా చిన్నప్పటి గౌన్లన్నీ కుట్టారు. కొనేవాడికి ఆ గౌన్లతో ఏం పని?

కాబట్టి ధర పెట్టేముందు మన జ్ఞాపకాన్ని పక్కన పెట్టాలి. అలాంటి వస్తువులు ఎంతకు అమ్ముడుపోయాయో చూడండి. ఎంతకు పెట్టారో కాదు, ఎంతకు పోయాయో. అమ్మకానికి పెట్టి ఆర్నెల్లుగా అలాగే ఉన్నవాటి ధరలు చూసి మన ధర పెడితే, మనది కూడా వాటి పక్కన ఆర్నెల్లు ఉంటుంది. కొన్ని యాప్‌లలో అమ్ముడుపోయినవాటిని వేరుగా చూపిస్తారు. అలా చూపించకపోతే, రెండు మూడు వారాలు కనిపెట్టి ఉండండి, ఏది మాయమవుతోందో తెలుస్తుంది.

ఇప్పుడు కాగితం తీసుకోండి. నిజంగానే కాగితం, మనసులో కాదు. దాని మీద అడిగే ధర రాయండి. దాని కింద, ఇంతకంటే తగ్గితే ఇవ్వను అన్న ధర రాయండి. దాని కింద ఒక తేదీ. ఆ తేదీలోపు పోకపోతే మళ్ళీ ఆలోచిస్తాను అని. అంతే. అయితే రెండోది, ఆ అట్టడుగు ధర, ఎలా తేల్చుకోవాలి? చాలామంది ఇక్కడే గాల్లో ఒక అంకె వేస్తారు. మిమ్మల్ని మీరు ఒక్క ప్రశ్న అడగండి: ఇది అమ్ముడుపోకపోతే నేనేం చేస్తాను? మా చెల్లెలికి ఇస్తాను, ఆవిడ సంతోషిస్తుంది. లేదా పాత ఇనుము కింద వేస్తాను, ఇంతొస్తుంది. లేదా ఇంకో ఏడాది గదిలో చోటు ఆక్రమించుకుని ఉంటుంది. ఆ జవాబు మీకెంత విలువో అదే మీ అడుగు. చెల్లెలి సంతోషం కంటే తక్కువ డబ్బిచ్చే వాడికి ఎందుకివ్వాలి? అలాగే, ఏదో ఒకలా గది ఖాళీ అయితే చాలు అనుకుంటే అడుగు చాలా కిందే ఉంటుంది, దానికీ బాధపడక్కర్లేదు. అది మీ నిర్ణయం, వాడు తోసింది కాదు.

‘లాస్ట్ ఎంత?’ అన్నవాడు అడుగుతున్నది ఈ రెండో అంకెనే. గమనించారా? తను ఏమీ చెప్పకుండా, మీ కాగితం మీది అంకె చెప్పమంటున్నాడు. మీరు చెప్పారనుకోండి, బేరం అక్కడితో ఆగుతుందా? ఆగదు. అక్కడి నుంచి మొదలవుతుంది. అందుకని ఆ ప్రశ్నకు నా జవాబు ఎప్పుడూ ఒకటే: ‘ధర అక్కడ రాశానండీ. మీరు ఎంత అనుకుంటున్నారో చెప్పండి, చూస్తాను.’ ఇందులో కోపం లేదు, కాదనడం లేదు. అవతలివాళ్ళు ఒక అంకె చెప్పాలి. నిజంగా కొనాలనుకునేవాళ్ళు చెబుతారు. ఊరికే అడిగినవాళ్ళు అక్కడితో మాయమైపోతారు. పోనివ్వండి.

అడిగే ధర గురించి ఒక ఆసక్తికరమైన విషయం. ఈబే అనే ఆన్‌లైన్ అమ్మకాల సైటులో బేరమాడుకునే వీలున్న అమ్మకాలను కొందరు ఆర్థికవేత్తలు పరిశీలించి 2019లో ప్రచురించారు. గుండు అంకెలకు, అంటే సరిగ్గా వందల్లో ధర పెట్టినవాళ్ళకు కొనేవాళ్ళు ఇస్తామన్న మొత్తాలు, ఆ పక్కనే ఉన్న చిల్లర అంకెలు పెట్టినవాళ్ళకు వచ్చినవాటికంటే 5 నుంచి 8 శాతం తక్కువగా ఉన్నాయి. కానీ ఆ బేరాలు 6 నుంచి 11 రోజులు ముందే వచ్చాయి, అమ్ముడుపోయే అవకాశం కూడా కాస్త పెరిగింది. అంటే గుండు అంకె చూడగానే కొనేవాడు ‘ఈ మనిషి తొందరలో ఉన్నాడు, తగ్గుతాడు’ అని చదువుతున్నాడు. ఇందులో మంచీ చెడూ లేదు. మీకు తొందరగా వదిలించుకోవాలని ఉంటే గుండు అంకె పెట్టండి. ఆగగలను అనుకుంటే లెక్క వేసి తేల్చిన అంకె పెట్టండి. తెలిసి పెట్టండి, అంతే.

ఇక గట్టి బేరం. లెక్క సులువుగా ఉండటానికి మీరు 100 అడిగారనుకుందాం. అవతలివాడు 20 అన్నాడు. మీరేం చేస్తారు? ‘అంత తక్కువైతే ఎలాగండీ, 60కి ఇస్తాను’ అంటారు. అంటారా లేదా? ఇప్పుడు అదే వస్తువుకు ఇంకో మనిషి, మర్యాదస్తుడు, 60 అన్నాడు. ఆయనతో మీరు ‘80కి తీసుకోండి’ అంటారు. ఆలోచించండి. మర్యాదగా అడిగినవాడు 80 ఇవ్వాలి. ఎగతాళిగా అడిగినవాడు 60 ఇవ్వాలి. ఇది న్యాయమేనా? ‘ఇద్దరికీ మధ్యలో తెంచుకుందాం’ అన్న మాట వినడానికి ఎంత న్యాయంగా ఉంటుందో! రెండు కొసలూ నిజాయితీగా ఉంటేనే మధ్య న్యాయంగా ఉంటుంది. ఒక కొసను కావాలని దూరంగా లాగితే, మధ్య కూడా దానితో పాటే జరుగుతుంది. 2020లో వచ్చిన ఇంకో పరిశోధనలో, అదీ ఈబే బేరాల మీదే, లక్షల బేరాలు చూస్తే ఈ మధ్యకు తెంచడం మళ్ళీ మళ్ళీ కనబడింది. మనందరికీ ఉన్న అలవాటే. ఆ అలవాటు ఉందని గట్టి బేరగాడికి బాగా తెలుసు.

పైగా ఆ 20 అన్న అంకె మన బుర్రలో కూర్చుంటుంది. ఏమోస్ ట్వెర్‌స్కీ, ఇందాకటి కానమన్ కలిసి 1974లో రాసిన వ్యాసంలో ఒక ప్రయోగం ఉంది. అంకెలున్న చక్రం తిప్పుతారు. అది 10 దగ్గరో 65 దగ్గరో ఆగేలా ముందే ఏర్పాటు చేశారు. తర్వాత, ఐక్యరాజ్య సమితిలో ఆఫ్రికా దేశాలు ఎంత శాతం అని అడిగారు. చక్రానికీ ఈ ప్రశ్నకీ ఏమైనా సంబంధం ఉందా? లేదు. కానీ 10 చూసినవాళ్ళ అంచనాల మధ్యస్థం 25, 65 చూసినవాళ్ళది 45. ఊరికే తిరిగే చక్రమే మన అంచనాను అంత జరపగలిగితే, డబ్బిస్తానంటున్న మనిషి చెప్పిన అంకె జరపదా?

అందుకే ఆ అంకెకు జవాబు చెప్పొద్దు. దాన్ని తిరిగి రాయొద్దు కూడా. ‘20 చాలా తక్కువండీ’ అని రాసినా ఆ 20ని మీరే ఇంకోసారి పలికినట్టు. మీ అంకెనే చెప్పండి. ‘థాంక్సండీ, నాకు కుదరదు. ధర 100. శనివారంలోపు వచ్చి తీసుకెళ్తే 92కి ఇస్తాను.’ చూశారా, తగ్గించాను, కానీ ఊరికే తగ్గించలేదు. దానికి బదులు నాకు త్వరగా పని అయిపోవడం అడిగాను. తగ్గించిన ప్రతిసారీ ఏదో ఒకటి తిరిగి అడగండి. ఇవాళే తీసుకెళ్తారా, రెండూ కలిపి కొంటారా, మనుషుల్ని మీరే తెచ్చుకుని దింపుకుంటారా. ఏమీ అడగకుండా తగ్గిస్తే, ఇంకోసారి అడిగితే ఇంకా తగ్గుతుందని మనమే నేర్పినట్టు.

ఎంత మేర తగ్గుతున్నామన్నది కూడా అవతలివాళ్ళు లెక్కపెడతారు. 100, 90, 80, 70 అని దిగితే, ఒక్కో మెసేజ్ విలువ పది అని అర్థం. ఇంకో మెసేజ్ పెట్టకుండా ఎవరుంటారు? 100, 92, 89, 88. ఇలా దిగితే అడుగు దగ్గరపడిందని చెప్పకుండానే తెలుస్తుంది. మెట్టు చిన్నదవుతూ ఉండాలి.

ఇంకో కిటుకు ఉంది, దీన్ని జాగ్రత్తగా వినండి. 1975లో రాబర్ట్ చాల్డీనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం ఒక ప్రయోగం చేసింది. బాల నేరస్థుల గృహంలో ఉన్న పిల్లల్ని ఒక రోజు జంతు ప్రదర్శనశాలకు తీసుకెళ్ళడానికి తోడు వస్తారా అని కాలేజీ విద్యార్థుల్ని అడిగారు. నేరుగా అడిగితే 17 శాతం మంది ఒప్పుకున్నారు. ఇంకొందరిని ముందు ‘వారానికి 2 గంటల చొప్పున కనీసం 2 ఏళ్ళు ఆ పిల్లలకు మార్గదర్శిగా ఉంటారా’ అని అడిగారు. ఎవరుంటారు? కాదన్నారు. ‘పోనీ ఈ ఒక్క రోజు?’ అన్నారు. ఈసారి 50 శాతం మంది ఒప్పుకున్నారు! అవతలివాడు ఒక మెట్టు దిగితే, మనమూ దిగకపోతే బాగోదని అనిపిస్తుంది. 20 అన్నవాడు 50కి వచ్చినప్పుడు ‘పాపం, నా కోసం ఎంత పెంచాడు’ అనుకుంటాం. ఆయన పెంచింది ఎక్కడి నుంచి? తను కల్పించిన చోటు నుంచి. కాగితం చూడండి. 50 మీ అడుగుకు పైనుందా, కిందుందా? ఆ ఒక్కటే చూడండి.

మెసేజ్‌లు ఎలా రాయాలో కూడా చెప్పమని ఇందాక ఒకావిడ అడిగారు. మొహమాటస్తుల మెసేజ్ ఎలా ఉంటుందంటే, నా పాతదే ఒకటి చదువుతాను: ‘అయ్యో సారీ అండీ, నిజానికి మేం కొన్నప్పుడు చాలా పెట్టాం, మొన్ననే రిపేరు కూడా చేయించాం, వచ్చే నెల ఇల్లు మారుతున్నాం కాబట్టి అమ్ముతున్నాం కానీ లేకపోతే అమ్మేవాళ్ళం కాదు, కొంచెం చూసి చెప్పండి ప్లీజ్.’ ఇందులో ఎన్ని పట్టుకొమ్మలిచ్చానో చూడండి. రిపేరు చేయించారా? అయితే చెడిపోయిందన్నమాట. ఇల్లు మారుతున్నారా? అయితే ఆగలేరన్నమాట. ప్లీజ్ అన్నారా? అయితే నా చేతిలో ఉన్నారన్నమాట. రిపేరు సంగతి వస్తువు వివరంలో ఉండాలి, అందరికీ తెలియాలి, దాచకూడదు. కానీ ధర ఎందుకు తగ్గించలేనో సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. కాదనడానికి కారణం చెబితే, ఆ కారణం మీద బేరం మొదలవుతుంది. ‘కుదరదండీ. ఆసక్తి చూపినందుకు థాంక్స్.’ రెండు చిన్న వాక్యాలు. నాన్చొద్దు. నాన్చితే అవతలివాళ్ళ సమయం కూడా పాడు చేసినట్టే.

‘ఇదే వస్తువు వేరే చోట ఇంకా తక్కువకు వస్తోంది’ అంటారు. వస్తోంటే మంచిదే కదా. ‘అయితే అది తీసుకోండి’ అని మనస్ఫూర్తిగా చెప్పండి. వెటకారంగా వద్దు. నిజంగానే తక్కువకు మంచిది దొరికితే ఆ మనిషి అది కొనుక్కోవడమే సబబు. దొరక్కపోతే వాళ్ళే తిరిగొస్తారు. తిట్టేవాళ్ళుంటారు, వాళ్ళకు జవాబే వద్దు. బ్లాక్ చేసి పడుకోండి. వాళ్ళ పేరూ నంబరూ తీసి నలుగురికీ చూపించడం మాత్రం చెయ్యొద్దు, అది ఇంకో గొడవకు దారి.

మరి కష్టం చెప్పుకునేవాళ్ళు? ఇది అందరినీ ఇబ్బంది పెట్టే విషయమే. నా దగ్గర ఒక రాసుకునే బల్ల ఉండేది. ఒకబ్బాయి మెసేజ్ పెట్టాడు. ‘మేడమ్, నా దగ్గర ఇంతే ఉంది. మీరు అడిగిన ధర సరైనదే. పది రోజుల తర్వాత కూడా ఉంటే నాకు చెబుతారా?’ అంతే రాశాడు. మర్నాడే పిలిచి ఇచ్చేశాను, ఆ అబ్బాయి చెప్పిన ధరకే. అది నా అడుగు కంటే తక్కువే. నేను బేరంలో ఓడిపోయానా? లేదు. ఇవ్వాలనిపించి ఇచ్చాను. ఇచ్చేది ఇష్టంగా ఇవ్వండి, తగ్గించేది లెక్కగా తగ్గించండి. ఈ రెంటినీ కలిపితేనే రాత్రి నిద్ర పట్టనిది. నాలుగు రోజులు గీసి గీసి బేరమాడి, ఐదో రోజు కష్టాలు మొదలుపెట్టే మనిషి వేరు, మొదటి మాటలోనే ఉన్నదున్నట్టు చెప్పిన మనిషి వేరు. మీకే తెలిసిపోతుంది.

ఇప్పుడు గుమ్మం దగ్గరికి వద్దాం. నాకు అన్నిటికంటే ముఖ్యం ఇదే. కొందరు చెబుతారు, మెసేజ్‌లలో ధర మాట్లాడొద్దు, వచ్చి చూశాకే మాట్లాడాలి అని. నేను ఒప్పుకోను. మొహమాటం ఎక్కువగా ఉండేది ఎక్కడ? ఎదురుగా మనిషి నిలబడ్డప్పుడు. మరి బేరాన్ని అక్కడిదాకా ఎందుకు తీసుకెళ్ళాలి? ధర రాతలో ముందే తేలిపోవాలి. అది తేలాలంటే లోపాలు ముందే చూపించాలి. వస్తువు అందంగా కనబడే ఫొటోల కంటే, తుప్పు దగ్గరగా తీసిన ఫొటో మీకు ఎక్కువ మేలు చేస్తుంది.

ఆ మిషను తర్వాత ఒక సైకిలు అమ్మాను. ఈసారి వెనక చక్రం రిమ్ము మీద తుప్పుంటే, పక్కన అగ్గిపెట్టె పెట్టి మరీ ఫొటో తీశాను, ఎంత మేర ఉందో తెలియాలని. చైను వేగంగా తొక్కితే చప్పుడు చేస్తుందని రాశాను. ధర కుదిరాక ఒక మెసేజ్ పెట్టాను: ‘రెండో ఫొటోలోని తుప్పు, చైను చప్పుడు, ఇవన్నీ లెక్కలోకి తీసుకునే ఈ ధర అనుకున్నాం. రేపు సాయంత్రం అయిదింటికి రండి.’ వచ్చారు. సైకిలు తలకిందులుగా పెట్టారు. పెడలు తిప్పి వదిలారు. వేలితో రిమ్ము మీద రాసి, ఆ ఎర్రటి పొడి నాకు చూపించి, ‘తుప్పు ఉంది కదండీ’ అన్నారు. నేను ‘అవునండీ, రెండో ఫొటోలో ఉంది. దానితో కలిపే ధర అనుకున్నాం’ అన్నాను. అని ఊరుకున్నాను. ఊరుకోవడం ఎంత కష్టమో! చక్రం ఇంకా తిరుగుతోంది. అది ఆగేదాకా ఎవరం మాట్లాడలేదు. నాకు నోటిదాకా వచ్చింది, ‘పోనీ కాస్త తగ్గిస్తాలెండి’ అని. మింగేశాను. చక్రం ఆగింది. ఆయన సైకిలు నిలబెట్టి, జేబులోంచి డబ్బు తీసి, అనుకున్నది పూర్తిగా లెక్కపెట్టి ఇచ్చారు. పోతూ పోతూ ‘మంచి సైకిలండీ’ అన్నారు కూడా.

అంత దూరం వచ్చాడు కదా అని మనం బాధపడతాం. ఆయన వైపు నుంచి చూడండి. ఆయనకీ అంత దూరం వచ్చాను కదా అనే ఉంటుంది. ఉత్త చేతులతో వెళ్ళడం ఆయనకీ ఇష్టముండదు. మొహమాటం ఇద్దరిదీ, మనొక్కరిదే అనుకుని మోయక్కర్లేదు. ఇక ‘ఇంతే తెచ్చాను’ అని జేబు చూపిస్తారు. ‘పర్లేదండీ, మిగతాది ఫోన్లో పంపండి, లేదా తెచ్చుకోండి, రేపటిదాకా మీ కోసం ఉంచుతాను’ అనండి. ధర కుదిరాక కొసరు అడుగుతారు, హెల్మెట్ ఇవ్వండి, తాళం ఇవ్వండి అని. ఇవ్వాలనుకుంటే ఇవ్వండి, అందులో తప్పులేదు. నేనైతే అలాంటిది ఒకటి ముందే పక్కన పెట్టుకుంటాను, అడిగితే సంతోషంగా ఇవ్వడానికి.

మీరు చెప్పని లోపం నిజంగా బయటపడితే? అప్పుడు తగ్గించండి, అడగకముందే తగ్గించండి. అది బేరం కాదు, బాకీ. అలాగే లేని కొనుగోలుదారును సృష్టించొద్దు. ‘ఇంకొకాయన ఎక్కువిస్తానన్నారు’ అని ఉంటేనే అనండి. చాలామంది ఇది నేర్పుగా చెబుతారు, నేను మాత్రం వద్దంటాను. అబద్ధం చెప్పి అమ్మిన వస్తువు మన దగ్గర నుంచి పోదు.

బేరమే ఆడని మనిషి సంగతి కూడా చెప్పాలి. వస్తువు చూడరు, ప్రశ్న అడగరు, పూర్తి ధరకు ఒప్పుకుంటారు, ఇప్పుడే డబ్బు పంపుతానంటారు. వారం రోజులు గట్టి బేరగాళ్ళతో అలిసిపోయి ఉంటాం కదా, ప్రాణం లేచొస్తుంది. అక్కడే ఆగండి. డబ్బు అందుకోవడానికి మీ పిన్ను, మీ ఫోనుకొచ్చే ఓటీపీ ఎవరికీ అక్కర్లేదు. అడిగారంటే మీ డబ్బు తీసుకోవడానికే. ‘పొరపాటున ఎక్కువ పంపాను, మిగతాది వెనక్కి పంపండి’ అంటే పంపొద్దు, అసలు మొదటి డబ్బు నిజంగా వచ్చిందో లేదో బ్యాంకుతో తేల్చుకోండి. పంపినట్టు చూపించే స్క్రీన్‌షాట్ రుజువు కాదు, మీ ఖాతా తెరిచి చూసుకోండి. ఎవరో పంపిన లింకు నొక్కొద్దు. చిన్న వస్తువైతే నలుగురు తిరిగే చోట పగలు కలవండి. పెద్దదై ఇంటికే రావాలంటే ఇంకొకరిని తోడు పెట్టుకోండి. గీసి గీసి బేరమాడే మనిషి మనల్ని విసిగిస్తాడే గాని, చాలావరకు నిజంగా కొనేవాడే.

ఇక ఆగడం. ఈబే 1995లో మొదలైంది. దాన్ని పెట్టిన పియేర్ ఒమిడ్యార్ మొదట అమ్మిన వస్తువు ఒక లేజర్ పాయింటర్. అది చెడిపోయింది! 14.83 డాలర్లకు పోయింది. చెడిపోయిందని తెలుసా అని కొన్నాయనను అడిగితే, చెడిపోయిన లేజర్ పాయింటర్లు సేకరిస్తానని ఆయన చెప్పారట. మన వస్తువు కోసం వెతికే మనిషి ఎక్కడో ఉండొచ్చు. కానీ ఆ మనిషి మన ఫొటో చూడటానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ రోజులు మన దగ్గర ఉన్నాయా లేదా అన్నదే కాగితం మీది మూడో గీత, ఆ తేదీ.

ప్రశ్నలకు వద్దాం. అటు చివర ఎవరో చెయ్యెత్తారు. ‘బేరం లేదు అని రాసేస్తే పోదా?’ అంటున్నారు. రాయొచ్చండీ. రాస్తే నిలబడాలి. అలా రాసి, అడిగిన మొదటి మనిషికే తగ్గిస్తే, ఆ రాతను నమ్మి అడగకుండా ఊరుకున్న మంచివాళ్ళకు అన్యాయం చేసినట్టు. ఎక్కువమంది వెతికే వస్తువైతే అలా రాయండి, సమయం మిగులుతుంది. అరుదుగా అడిగే వస్తువైతే కాస్త చోటు ఉంచండి. తేదీ దాటాక తగ్గించాలనుకుంటే, ఒక్కరి చెవిలో కాదు, అక్కడే అందరికీ కనబడేలా తగ్గించండి.

అమ్మా, మీరు చెప్పండి. ‘గుమ్మందాకా వచ్చినవాళ్ళని వెనక్కి పంపడం తప్పు కాదా?’ ఇది నేనూ చాలా రోజులు అనుకున్నాను. నా పుస్తకాల బీరువా కోసం ఒకాయన వచ్చారు. అన్నీ రాతలో అనుకున్నాకే వచ్చారు. వచ్చి, ఇంకా తగ్గించమన్నారు. నా అడుగు కంటే కిందకు. ‘కుదరదండీ, ఏమీ అనుకోకండి’ అన్నాను. మంచినీళ్ళిచ్చాను, తాగి వెళ్ళిపోయారు. గొడవేమీ జరగలేదు. ఆ తర్వాత నెల రోజులు ఎవరూ రాలేదు. నేను పెట్టుకున్న తేదీ దాటింది, ధర తగ్గించాను. తగ్గించింది ఎంతకో తెలుసా? సరిగ్గా ఆయన అడిగినంతకే. బాధ వెయ్యలేదా అంటే, వెయ్యలేదు. అది నేను తగ్గించుకున్న ధర. అందరికంటే ముందు ఆయనకే మెసేజ్ పెట్టాను, ‘మీరు అడిగిన ధరకు ఇప్పుడు ఇవ్వగలను, కావాలా?’ అని. ‘వేరేది కొనేశానండీ, గుర్తు పెట్టుకుని చెప్పినందుకు థాంక్స్’ అన్నారు. బీరువా ఆ తర్వాతి వారం ఇంకొకావిడ తీసుకెళ్ళారు, ఒక్క మాట కూడా బేరమాడకుండా.

ఇటు పక్క ఇంకా ఎవరైనా ఉన్నారా? సరే, అయితే టీ తాగుతూ మాట్లాడుకుందాం.